ఏడు దాట్ల గెడ్డ

మా తాతయ్య గారి పాత డైరీలో, 1983 నవంబరు నెలలోని ఒక ఆదివారం పేజీలో, నీలి సిరాతో రాసిన ఒకే ఒక్క వరుస ఉంది: “ధారలు రెండు, దాట్లు ఏడు, పిల్ల భయపడలేదు.” ధార అంటే కొండ మీంచి పడే నీరు, దాటు అంటే కాలినడకన నీటిని దాటే చోటు. ఆ పిల్లను నేనే. అప్పటికి నాకు పదకొండేళ్ళు. భయపడలేదన్న మాట నిజం కాదు. ఐదవ దాటు దగ్గర నేను ఎంతగా వణికిపోయానో, నా మణికట్టు పట్టుకొని ఉన్న ఆయనకు తెలియకుండా ఉండదు. తెలిసి కూడా ఆయన అలా ఎందుకు రాశారో ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ ఒక్క రోజు నడకను గుర్తున్నంత వరకు పూర్తిగా రాసి పెట్టుకోవాలని ఇప్పుడు అనిపించింది.

మాది పర్లాకిమిడి. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణం. నా చిన్నతనంలో ఇంకా గంజాం జిల్లాలోనే ఉండేది. 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా వేరుపడింది. ఊరి అంచున పారే మహేంద్రతనయ దాటి కొంచెం దూరం పోతే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో రెండూ, కొండమీది నుంచి పసుపు, చింతపండు, కొండచీపుళ్ళు తెచ్చి అమ్మే వారి నోట సవర. మా చెవులు ఈ మూడు భాషల మధ్యనే పెరిగాయి. ఊరికి ఈశాన్యంగా, వాన వెలిసిన రోజున నీలంగా కనిపించే పెద్ద కొండ మహేంద్రగిరి; ఎత్తు సుమారు 1,500 మీటర్లు. ఆ కొండల్లో పుట్టిన రెండు నదులకు మహేంద్రతనయ అనే ఒకే పేరు ఉంది. ఒకటి మా ఊరి మీదుగా వచ్చి వంశధారలో కలుస్తుంది. రెండవది తూర్పుకు తిరిగి, సోంపేట వైపు సాగి, బారువ దగ్గర తిన్నగా సముద్రంలో పడుతుంది. ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు కూతుళ్ళకు ఒకే పేరు పెట్టి, ఇద్దరినీ వేర్వేరు ఊళ్ళకు ఇచ్చినట్లుందని మా అమ్మమ్మ అనేది.

మేము నడిచింది నదిలో కాదు, ఆ నదికి నీళ్ళు మోసే ఒక చిన్న గెడ్డ వెంట. మిగతా చోట్ల వాగు అంటారు. మా వైపు గెడ్డ అంటారు. ఊరి నుంచి దాదాపు ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న గండాహాతి జలపాతం అందరికీ తెలుసు. కార్తీక మాసంలో వనభోజనాలకు జనం లారీల్లో అక్కడికి వెళ్ళేవారు. మా గెడ్డ మీద ఉన్న రెండు ధారలకు మాత్రం అలాంటి పేరుప్రతిష్ఠలేమీ లేవు. ఆ దారి తాతయ్యకు నేస్తం తాత వల్ల తెలిసింది.

నేస్తం అన్న మాటకు మా ప్రాంతంలో ఉన్న బరువు తెలియని వారి కోసం ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఇద్దరు మనుషులు నేస్తం కట్టుకుంటే, ఆనాటి నుంచి ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు. “నేస్తం” అనే పిలుచుకుంటారు. ఒకరి ఇంట్లో పెళ్ళికి, చావుకి రెండవ వారి ఇల్లు చుట్టరికంగానే నిలుస్తుంది. కులం, భాష అందుకు అడ్డు రావు. లెక్కల మాస్టారుగా పనిచేసిన మా తాతయ్యకు, కొండ కింది పల్లెలో ఉండే ఒక సవర పెద్దాయనకు అలా నేస్తరికం కుదిరింది. తాతయ్య కుర్రతనంలో మా ఊరి వీధుల్లో నడిచి వెళ్ళే గిడుగు రామమూర్తి గారిని చూశారట. ఆయన సవరల మధ్య కూర్చొని వారి భాష నేర్చుకొని, దానికి నిఘంటువు తయారుచేసిన సంగతిని ఎంతో గౌరవంగా చెప్పేవారు. తాతయ్యకు వచ్చిన సవర మాటలు పాతిక దాటి ఉండవు. వాటిలో మొదటిది నీరు. “డాఅ” అని చెప్పి, చివర గొంతులో ఒక చిన్న అడ్డు పడినట్లు ఆపాలని నాకు నేర్పారు.

ఆ ఆదివారం మొదటి బస్సుకు బయలుదేరి, రోడ్డు మీద దిగి, ఇంకో గంట నడిచి పల్లె చేరాము. తాతయ్య, మా చిన్న మావయ్య, నేను. నేస్తం తాత ఇంటి గోడ ఎర్రమట్టితో అలికి ఉంది. దాని మీద బియ్యప్పిండితో తెల్లగా మనుషులు, చెట్లు, సూర్యచంద్రులు గీసి ఉన్నాయి. చోడి అంబలి తాగించాక ఆయన నా కాన్వాసు బూట్ల వైపు చూసి, గోనెసంచి ముక్క ఒకటి చింపి, రెండు పేలికలు చేసి, బూట్ల మీదుగా అరికాలి కిందికి వచ్చేటట్లు గట్టిగా కట్టారు. రబ్బరు అడుగు పాచి రాయి మీద జారుతుంది, గోనె పట్టుకుంటుంది. ఆ తరువాత ఖరీదైన బూట్లు చాలా కొన్నాను కాని, తడిరాయి మీద నాకు ఆ గోనె మీద కలిగిన నమ్మకం వేటి మీదా కలగలేదు.

అది చుట్టుదారి. పల్లె చివరి చింతచెట్టు దగ్గర మొదలుపెట్టి, గెడ్డ వెంట ఎగువకు ఎక్కి, రెండవ ధారకు పైన అవతలి గట్టుకు మారి, ఆ గట్టు మీదుగా దిగి, మళ్ళీ అదే చింతచెట్టు కిందికి రావాలి. మొత్తం మూడు కోసులని నేస్తం తాత లెక్క. దారిలో ఏడు దాట్లు. ప్రతి దాటుకూ సవరలో ఒక పేరు ఉంది. నేస్తం తాత వాటి అర్థం చెబుతూ ఉంటే తాతయ్య నా కోసం తెలుగులోకి మార్చారు. బయలుదేరే ముందు ఆయన నాకు ఒక చిక్కు లెక్క ఇచ్చారు. “చూడమ్మా, ఈ ఒడ్డున మొదలుపెట్టి ఈ ఒడ్డుకే తిరిగి వస్తాం. గెడ్డను దాటిన ప్రతిసారీ ఒడ్డు మారుతుంది. అప్పుడు దాట్లు సరిసంఖ్య కావాలి కదా. మరి ఏడెలా అయ్యాయి?” ఆ లెక్క నా తలలో రోజంతా తిరుగుతూనే ఉంది.

మొదటిది మామిడి దాటు. నీళ్ళు మోకాలి కిందికే ఉన్నాయి కాని, చన్నీళ్ళ వేగానికి అడుగు తీయగానే కాలు పక్కకు పోయింది. నేస్తం తాత నా చేతికి ఒక వెదురు కర్ర ఇచ్చి, దానిని ఎగువ వైపు ఆనించి, ఎగువకే ముఖం పెట్టి, పీత నడిచినట్లు పక్కకు నడవాలని చూపించారు. కర్ర, రెండు కాళ్ళు కలిసి మూడు కాళ్ళు. మూడింటిలో ఎప్పుడూ ఒక్కటే కదలాలి. “నీళ్ళకేసి సూడకు పాపా. నీళ్ళకేసి సూస్తే తల తిరిగిపోద్ది. అవతల ఒడ్డుకేసి సూడు” అన్నారు. భుజాన ఉన్న సంచి పట్టీని కూడా వదులు చేయించారు. ఒకవేళ పడిపోతే సంచిని వదిలెయ్యాలి. సంచి కోసం మనిషి పోకూడదు.

రెండవది గొడ్ల దాటు. అక్కడ గెడ్డ పరుచుకొని వెడల్పుగా పారుతుంది. దానికి పది బారల దిగువన రెండు బండల మధ్య సన్నని చోటు ఉంది. మావయ్య అక్కడి నుంచి ఒక్క గంతులో దూకేద్దామన్నారు. నేస్తం తాత తల అడ్డంగా ఊపారు. అంత నీరూ ఆ సన్నని సందులోంచే పోవాలి కనుక అక్కడ లోతూ ఎక్కువే, ఊపూ ఎక్కువే. పశువులు తమంతట తాము ఎక్కడ దిగుతాయో అక్కడే మనిషి కూడా దిగాలని ఆయన చెప్పారు.

మూడవదైన నల్లరాతి దాటు దగ్గరే మొదటి ధార కనిపించింది. ఎత్తు ఎక్కువ లేదు; రెండు తాటిచెట్ల పాటి ఉంటుందేమో. ఒడ్డున ఏరుమద్ది చెట్లు తెల్లని మానులతో నీటి మీదికి వంగి ఉన్నాయి. అడ్డతీగలు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు ఉయ్యాలల్లాగా వేలాడుతున్నాయి. గట్టు మీద ఒక జీలుగు చెట్టుకు కల్లు కుండ కట్టి ఉంది. ఆ చోటును దాటి ఎక్కేటప్పుడు బండల్లో రుబ్బురోళ్ళలాంటి నున్నని గుంతలు కనిపించాయి. ఎవరు తొలిచారని అడిగాను. తాతయ్య ఒక గుంతలో చెయ్యి పెట్టి, అడుగున ఉన్న మూడు గుండ్రాళ్ళు తీసి నా అరచేతిలో పెట్టారు. వరదలో నీరు సుడి తిరిగినప్పుడు ఈ రాళ్ళే గుంతలో గిరగిర తిరిగి, రోలును పొత్రం అరగదీసినట్లు ఏళ్ళ తరబడి బండను తొలుస్తాయట. చూపించాక ఆయన ఆ మూడింటినీ జాగ్రత్తగా మళ్ళీ అదే గుంతలో వేశారు.

రెండవ ధార ఒక్కసారిగా కనిపించదు. ముందు వినిపిస్తుంది, తరువాత చల్లగా ముఖానికి తగులుతుంది, ఆ తరువాతే మలుపు తిరిగితే ఎదురుగా నిలబడుతుంది. నాకు తెలిసిన నీళ్ళన్నీ అంతవరకు నేల మీద పారేవే. నీరు నిలువుగా నిలబడగలదని నేను ఆ రోజే చూశాను. బండ నడుమ నుంచి తెల్లగా జారి, మధ్యలో ఒక మెట్టు మీద పడి చెదిరి, కింద ఆకుపచ్చని మడుగులో కలుస్తోంది. ఎండ సరిగ్గా మెట్టు మీదికి వచ్చిన పావుగంట సేపు ఇంద్రధనుస్సు నిలిచింది. ధార పక్కన బండ పగుళ్ళన్నింటిలో పచ్చని నాచు, సన్నని ఆకుల ఫెర్న్ మొక్కలు. మాటలు వినపడవు కనుక నలుగురమూ సైగలతోనే మాట్లాడుకున్నాము. అమ్మమ్మ కట్టిచ్చిన పులిహోర, పెరుగన్నం నేస్తం తాత కోసి తెచ్చిన అడ్డాకుల్లో తిన్నాము. ఆయన ఇంటి నుంచి కాల్చి తెచ్చిన కర్రపెండలం దుంపలు కూడా ఉన్నాయి. ఆ తరువాత ఎన్నో పెద్ద జలపాతాలు చూశాను. కానీ “ధార” అన్న మాట వింటే నాకు గుర్తుకొచ్చేది ఆ చోటే.

మడుగు అంచున ఉన్న ఇసుకలో ఎర్రని నలుసులు మెరుస్తున్నాయి. అవి గార్నెట్లని, ఈ తూర్పు కనుమల్లోని ఖోండలైట్ అనే రాతిలో ఉంటాయని, ఖోండు గిరిజనుల పేరు మీదుగానే ఆ రాతికి ఆ పేరు వచ్చిందని తాతయ్య చెప్పారు. అగ్గిపెట్టెలో చిటికెడు దాచుకున్నాను. చాలా ఏళ్ళ తరువాత, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరాన అల వెనక్కి వెళ్ళినప్పుడు ఇసుక మీద ఎర్రని చారలు మిగలడం చూసి, నీళ్ళలోనే కూర్చుండిపోయాను. పక్కనున్న వారికి ఏమని చెప్పగలను?

ధారకు పైన నాలుగవ దాటు. ధార తల మీదనే బండ చదునుగా, నీరు బెత్తెడు లోతుతో చూడడానికి ఎంతో సులువుగా ఉంది. నేస్తం తాత మమ్మల్ని అక్కడ ఆగనివ్వలేదు. ముళ్ళ తుప్పల మధ్య నుంచి ఇంకా ఎగువకు ఒక ఫర్లాంగు నడిపించి, రాళ్ళు గరుకుగా ఉన్న చోట దాటించారు. పడితే ఎక్కడ తేలుతామో చూసుకొని మరీ దాటే చోటు ఎంచుకోవాలని, ధార తల మీద పడినవాడికి రెండవ అవకాశం ఉండదని ఆయన చెప్పినట్లు తాతయ్య నాకు వివరించారు.

దిగడం మొదలుపెట్టాక, మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఐదవ దాటుకు వచ్చాము. మా నెత్తి మీద ఎండ కాస్తోంది. అవతలి ఒడ్డు పదిహేను అడుగుల దూరంలో ఉంది. నీరు మోకాలి లోతు. నేను కర్ర ఆనించి ఒక అడుగు వేశాను కూడా. నేస్తం తాత నా జబ్బ పట్టుకొని వెనక్కి లాగారు. ఆయన నీళ్ళను చూడడం లేదు, వింటున్నారు. వెనక్కి తిరిగి చూస్తే మహేంద్రగిరి శిఖరం కనిపించలేదు. ఆ చోట నల్లని మబ్బు కూర్చొని ఉంది. మా తీరంలో కార్తీకంలో కూడా వాయుగుండాల వానలు పడతాయి. అక్కడ పడిన వాన ఇంకా మా దగ్గరకు చేరలేదు, అంతే.

ముందు నాలుగు ఎండుటాకులు వచ్చాయి. తరువాత పుల్లలు, నురగ. అద్దంలా ఉన్న నీరు చూస్తుండగానే టీ రంగుకు మారింది. అంతవరకు గలగలమన్న చప్పుడు లావై, దాని అడుగున ఇంకొక చప్పుడు మొదలయింది. నీళ్ళ కింద రాళ్ళు దొర్లుతున్న చప్పుడు. దానిని విన్నవారు మరిచిపోలేరు. దూరంగా ఎవరో బండి మీద నుంచి రాళ్ళు దింపుతున్నట్లు ఉంటుంది. మేము గట్టు మీదికి పది బారలు పైకి ఎక్కి కూర్చున్నాము. నేను ఇంతకుముందు అడుగు పెట్టిన రాయి మునిగింది, దాని పక్క రాయి మునిగింది, తాతయ్య నా మణికట్టు పట్టుకున్నారు. చూస్తుండగా ఒక మోడు నిలువునా లేచి, పల్టీ కొట్టి, మా ఎదుట నుంచి వెళ్ళిపోయింది. ఆ క్షణంలోనే నాకు వణుకు పుట్టింది. చలి కాదు. ఒక్క నిమిషం ముందు నేను ఆ నీళ్ళలో ఉన్నాను.

చీకటి పడుతుందని మావయ్య తొందరపడ్డారు. నలుగురమూ చేతులు పట్టుకొని దాటేద్దామన్నారు. నేస్తం తాత ఏమీ మాట్లాడకుండా చుట్ట ముట్టించుకున్నారు. కొంతసేపయ్యాక తాతయ్యతో సవరలో ఏదో అన్నారు. తాతయ్య నవ్వి నా వైపు తిరిగి, ఈ దాటు పేరేమిటో తెలుసా అని అడిగారు. “కూర్చునే దాటు” అట. కొండ మీద వాన పడితే ఇక్కడ కూర్చోవాలి. ముత్తాతల నుంచీ ఇక్కడ కూర్చొంటూనే ఉన్నారు. కూర్చోని వారి సంగతి ఎవరూ చెప్పుకోరు. గట్టు మీద మేము కూర్చున్న బండ నున్నగా ఎందుకుందో నాకు అప్పుడు తెలిసింది. నేస్తం తాత నీటి అంచున ఒక పుల్ల గుచ్చారు. గంటన్నర తరువాత ఆ పుల్ల మొదలు బయటపడి, దాని కింద ఒక జానెడు తడి ఇసుక కనిపించాక ఆయన లేచారు. పెద్ద గెడ్డలు రోజుల తరబడి తీయవు కాని, కొండ చిన్న గెడ్డ ఎంత త్వరగా పొంగుతుందో అంత త్వరగానూ తీసిపోతుంది. ఆయన ముందు, మావయ్య వెనుక, నడుమ మేమిద్దరం. తాతయ్య చెయ్యి నా మణికట్టును ఒక్కసారి కూడా వదలలేదు.

ఆరవ దాటు ఎంత చిన్నదంటే, చూపించకపోతే నేను గమనించేదానినే కాదు. దారికి లోపలి వైపు, గట్టు మీద రాళ్ళ సందులో పుట్టిన ఒక ఊట, మా కాళ్ళ మీదుగా జానెడు వెడల్పున పారి కింద గెడ్డలో కలుస్తోంది. అడుగు ఎత్తి అడుగు వేస్తే దాటేసినట్లే. అక్కడ నా లెక్క తెగింది. చివరి దాటుతో కలిపి గెడ్డను దాటేది ఆరుసార్లే. మిగిలిన ఒక్కటి ఈ ఊట. ఇది మేము చుట్టివచ్చే దారి లోపలే పుట్టింది కనుక దీనిని ఒక్కసారి దాటితే చాలు, మళ్ళీ దాటనక్కరలేదు. చీకటిలో గట్టిగా అరిచి ఆ జవాబు చెప్పాను. తాతయ్య బ్యాటరీ లైటు నా ముఖం మీదికి వేసి, “భేష్” అన్నారు. ఆయన బడిలో ఆ మాటను చాలా అరుదుగా వాడేవారని మావయ్య ఆ తరువాత చెప్పారు.

చివరిది ఇంటి దాటు. గెడ్డ ఒడ్డున సవరలు రాతి కట్టలు పేర్చి చేసిన మెట్ల మళ్ళు ఉన్నాయి. పై మడి నీరు కింది మడికి జారే చప్పుడు, వరి కోతకు వచ్చిన వాసన, పల్లెలో కుక్కల అరుపు. నేస్తం తాత కోడలు కాగడా పట్టుకొని అవతలి ఒడ్డున నిలబడి ఉంది. ఆ రాత్రి మేము అక్కడే పడుకున్నాము. డైరీలోని ఆ వరుసను తాతయ్య ఆ కాగడా వెలుగులోనే రాసి ఉంటారు.

తాతయ్య 1991లో పోయారు. నేస్తం తాత అంతకు రెండేళ్ళు ముందు. నేను చదువుకు, ఉద్యోగానికి ఊరు వదిలాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, గజపతి జిల్లా కొండల మీద విపరీతంగా కురిసింది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారన్న వార్తలు చదివిన రాత్రి నాకు ఆ రాళ్ళు దొర్లే చప్పుడే వినిపించింది. మరుసటి ఏడాది చలికాలంలో మా అమ్మాయిని వెంటబెట్టుకొని వెళ్ళాను. నేస్తం తాత మనవడు మాకు దారి చూపించాడు. మా నేస్తరికం సంగతి అతనికి తెలుసు. నన్ను “అత్తా” అని పిలిచాడు.

మామిడి దాటు దగ్గర ఇప్పుడు సిమెంటు కల్వర్టు ఉంది, మామిడి లేదు. గొడ్ల దాటు అలాగే ఉంది. మొదటి ధార పక్కన కొండ జారిన చోట ఎర్రని చార ఒకటి పైనుంచి కిందిదాకా తెరుచుకొని ఉంది. ఏరుమద్ది చెట్లు రెండే మిగిలాయి. రుబ్బురోళ్ళ గుంతలు ఇసుకతో పూడిపోయాయి. రెండవ ధార మారలేదు. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడకుండా నిలబడింది. నేను ఆమెను కదిలించలేదు. కూర్చునే దాటు దగ్గర ఆకాశం నిర్మలంగా ఉన్నా, ముగ్గురమూ ఆ బండ మీద కాసేపు కూర్చున్నాము. ఊట పారుతూనే ఉంది. ఆ చిక్కు లెక్కను మా అమ్మాయికి ఉదయమే ఇచ్చాను. ఊట దగ్గరకు రాకముందే, ఏదో ఒకటి దారి లోపలే పుట్టి ఉండాలని ఆమె చెప్పేసింది.

ఇంటి దాటు దగ్గరకు వచ్చేసరికి పొద్దు వాలింది. తుపానులో గెడ్డ అక్కడ కొంత గట్టును కోసుకొని రెండు పాయలయింది. నడుమ గులకరాళ్ళ దిబ్బ, దాని మీద అప్పుడే మొలిచిన గడ్డి. మెట్ల మళ్ళలో కింది రెండు పోయాయి. మూడవ దాని కట్టను మళ్ళీ పేరుస్తున్నారు. మొదటి పాయ దాటి దిబ్బ ఎక్కాక మా అమ్మాయి వేళ్ళు మడిచి లెక్క చూసుకొని, “అమ్మా, ఇప్పుడు ఎనిమిది కదా” అంది. రెండవ పాయ పేరేమిటని నేస్తం తాత మనవడిని అడిగాను.

“దీనికింకా ఏ పేరూ పెట్టలేదత్తా” అన్నాడతను.

అతను ముందు, మా అమ్మాయి వెనుక, నడుమ నేను. కర్ర ఎగువకు ఆనించి, అవతలి ఒడ్డు వైపు చూస్తూ, పేరు లేని ఆ దాటును దాటాము.